ఆడిటర్ ఆఫీసులో ఆరు వారాలు టిక్కులు పెట్టాను, ఏం నేర్చుకున్నట్టు? - నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివేవాళ్ళ కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. పర్లాకిమిడిలో బీకాం రెండో ఏడాది అయ్యాక, మే మొదటి తారీఖు నుంచి ఆరు వారాలు బరంపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇంటర్న్‌గా చేశావు. బిల్లులు చూసి టిక్కులు పెట్టడం, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు కొట్టడం, కొనుగోళ్ళను జీఎస్టీ టూబీతో (అమ్మినవాళ్ళు ఎక్కించిన బిల్లుల ప్రకారం పోర్టల్ నెలనెలా ఇచ్చే పట్టీ) పోల్చే ఎక్సెల్ షీటు, జిరాక్సులు, ఇంతే చేశానని, ఏమీ నేర్చుకోలేదనిపిస్తోందని, సీఏ ఆలోచన మానెయ్యాలా అని అడిగావు. మధ్యలో ఒక్క వాక్యం రాసి దాటేశావు: కొండ సంతల్లో చింతపండు, జీడిపిక్కలు కొనే ఒక వ్యాపారి నగదు చెల్లింపులను ఒక్కొక్కటి పది వేలు దాటకుండా విడగొట్టి, వేర్వేరు పెన్నులతో వోచర్లు (చెల్లింపు చీటీలు) రాయమన్నారని, నువ్వు రాశావని. నువ్వు దాటేసినా నేను దాటలేను. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను, ముందు మిగతాది మాట్లాడుకుందాం.

నాది గుణుపురం. 1998లో బరంపురంలోనే ఆర్టికల్స్‌లో, అంటే సీఏ కావడానికి ఆడిటర్ దగ్గర చేసే శిక్షణలో, చేరాను, అప్పుడు మూడేళ్ళు చెయ్యాలి. ఇప్పుడు రాయగడలో ప్రాక్టీసు. ప్రతి వేసవికి నా ఆఫీసుకు ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లలు వస్తారు, సగం మంది నువ్వు అడిగిందే అడుగుతారు, కాబట్టి నీ బాధ నాకు కొత్త కాదు, చిన్నదిగానూ అనిపించదు.

నేను చేరిన మొదటి వారం నాకిచ్చిన పని ఒక బట్టల వ్యాపారి కొనుగోలు బిల్లులు కూడడం. ఆయన సొంత లెక్కలు తెలుగులో, ఎర్ర అట్ట పుస్తకాల్లో, రోజువారీ చిట్టా ఒకటి, పద్దులవారీ ఆవర్జా ఒకటి. నేతగాళ్ళ దగ్గర కొన్న పట్టు చీరల బిల్లులు మాత్రం ఒడియాలో, అంకెలు కూడా ఒడియావే. నేను ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్నదాన్నే, అయినా సరే రెండు రోజులు కూడినా లెక్క కలవలేదు, నాలుగు వందలు తేడా. ఒడియా నాలుగు చూడడానికి ఇంగ్లిష్ ఎనిమిదిలా ఉంటుంది కదా, వేగంగా రాసిన బిల్లులో అయితే మరీను. ఎక్కడో ఒక నాలుగు వందలను నేను ఎనిమిది వందలుగా ఎక్కించాను. అది దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడే నిన్ను మొదటి ప్రశ్న అడగాలనుంది: ఆ ఆరు వారాల్లో ఎప్పుడైనా ఒక లెక్క కలవక, అన్నం తింటున్నా అదే మనసులో తిరిగిందా? తిరిగితే సీఏ గురించి ఇంకా ఆలోచించు. నేను మార్కుల కంటే ముందు చూసేది అదే.

నువ్వు చేసిన పనిని నువ్వు టిక్కులు పెట్టడం అంటున్నావు. ఆ పని పేరు వోచింగ్. ఆడిట్ అనే మొత్తం భవనం దాని మీదే నిలబడుతుంది, అది నీకు ఎవరూ చెప్పకపోవడం ఆ ఆఫీసు తప్పు. బిల్లు మీద టిక్ పెడుతున్నామంటే ఈ ఖర్చు నిజంగా జరిగింది, ఈ వ్యాపారానికే జరిగింది, ఈ సంవత్సరానిదే, సరైన పద్దులోనే పడింది అని నాలుగు మాటలకు హామీ ఇస్తున్నట్టు. మొత్తం ఒక్కటే కలిసిందా అని చూసి టిక్ పెడితే అది కూడిక మాత్రమే. నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదటి రోజు ఒక కట్ట బిల్లులిచ్చి, టిక్ పెట్టొద్దు, ఒక్కో బిల్లు గురించి నాకొక ప్రశ్న వేసి చూపించు అంటాను. మధ్యాహ్నానికి మూడు ప్రశ్నలు కూడా రావు, నాలుగో రోజుకు ఆపడం కష్టమవుతుంది.

ఎలాంటి ప్రశ్నలో మన సరిహద్దు ఊళ్ళలోనే చూపిస్తాను, ఎందుకంటే జీఎస్టీ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలుంటాయి, మొదటి రెండు రాష్ట్రం కోడు, ఆ తర్వాతి పది పాన్ నంబరు. ఒడిశా కోడు 21, ఆంధ్రది 37, తెలంగాణది 36. పర్లాకిమిడి దుకాణదారు ఆటో ఎక్కి పాతపట్నం వెళ్ళి హోల్‌సేల్ షాపులో సరుకు కొన్నాడనుకో. ఊళ్ళు పక్కపక్కనే, మాట ఒకటే, చుట్టాలూ అటూ ఇటూ ఉంటారు, కానీ పన్ను లెక్కకు అది రెండు రాష్ట్రాల మధ్య వ్యాపారం. బిల్లు మీద మన దుకాణం 21 నంబరు వేసి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను, వెయ్యాలి. అక్కడి షాపువాడు, కౌంటర్లోనే కదా ఇచ్చాను అని ఒకే రాష్ట్రంలోని అమ్మకానికి వేసే ఆంధ్ర సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వేసేస్తే ఆ పన్ను మన దుకాణదారుకు క్రెడిట్‌గా, అంటే తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే మొత్తంగా, రాదు. టూబీలో ఆ బిల్లు కనిపిస్తుంది, కానీ క్రెడిట్ అందుబాటులో లేనివాటి కింద. నువ్వు చేసిన ఎక్సెల్ షీటులో ఎర్రరంగు వేసి వదిలేసిన వరుసల్లో ఇలాంటివి తప్పకుండా ఉండి ఉంటాయి. వెనక్కి తీసి చూడగలిగితే చూడు.

దీనికి కొంచెం మెలిక ఉన్నది ఇంకొకటి. బరంపురం వ్యాపారి పని మీద విశాఖపట్నం వెళ్ళి హోటల్లో రెండు రాత్రులు ఉన్నాడు. తన ఒడిశా జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు తీసుకున్నాడు. హోటలు ఆంధ్ర సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వేసింది. ఈసారి హోటలు తప్పు చెయ్యలేదు. గది అనేది కదిలే వస్తువు కాదు, అది ఎక్కడుందో సేవ అక్కడే అందినట్టు చట్టం లెక్కవేస్తుంది, కాబట్టి ఐజీఎస్టీ వెయ్యడానికి లేదు, మన వ్యాపారికి క్రెడిట్టూ రాదు. రెండు బిల్లులూ పైకి ఒకేలా ఉంటాయి, రెండింటికీ క్రెడిట్ రాదు, కానీ మొదటిదాన్ని సరి చేయించుకోవచ్చు, రెండోదాన్ని ఖర్చు రాసుకోవడమే. ఈ తేడా తెలిసిన కుర్రాడికి టిక్కులు పెట్టడం విసుగనిపించదు, నమ్ము.

టూబీ గురించి ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. ప్రతి నెలా 14న అది తయారవుతుంది. అమ్మినవాడు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉండి, మధ్య నెలల్లో 13వ తేదీలోగా బిల్లులు విడిగా ఎక్కించకపోతే, అతని ఏప్రిల్ బిల్లు నీ ఏప్రిల్ షీటులో కనపడదు, జులై 14న తయారయ్యే జూన్ టూబీలో కనపడుతుంది. అంటే కలవని ప్రతి బిల్లూ దొంగ బిల్లు కాదు, కలిసిన ప్రతి బిల్లూ మంచిదీ కాదు. నువ్వు రాయాల్సింది కలవలేదు అని కాదు, ఎందుకు కలవలేదు అని. ఆ ఒక్క కాలమ్ అదనంగా పెట్టి ఉంటే మీ సీనియర్ నీ షీటు తీసుకుని నిన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ క్రెడిట్ తీసుకోవడానికి గడువు ఉంది, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా, లేదా వార్షిక రిటర్ను వేసేదాకా, ఏది ముందైతే అది. కాబట్టి ఎందుకు అన్నది తెలిస్తే ఆ వ్యాపారికి నిజంగా డబ్బు మిగులుతుంది.

మా రోజుల్లో సరిహద్దు వ్యాపారమంటే సి ఫారాలు. కేంద్ర అమ్మకపు పన్ను తక్కువ రేటు, అప్పుడు నాలుగు శాతం, దొరకాలంటే అవతలి రాష్ట్రంలో కొన్నవాడి దగ్గర్నుంచి ఆ ఫారం తెచ్చుకోవాలి. నన్ను, ఇంకో అబ్బాయిని ఇచ్ఛాపురం, పలాస పంపేవారు ఫారాలు వసూలు చెయ్యడానికి. ఎండలో దుకాణం దుకాణం తిరిగాను, చదువుకున్నదాన్ని నాకిదేం పని అని ఒకరోజు ఏడ్చాను కూడా. కానీ అలా తిరగడం వల్లే తెలిసింది, ఏ దుకాణం నిజంగా ఉంది, ఏది పేరుకు మాత్రమే ఉంది అన్నది. ఒక చిరునామాకు వెళ్తే అక్కడ దుకాణమే లేదు, తాళం వేసిన ఇల్లు. ఆ పార్టీ పేరు మీద మా క్లయింటు పుస్తకాల్లో లక్షల అమ్మకాలున్నాయి. వెనక్కొచ్చి చెప్తే మా సార్ ఆ ఫైలు మొత్తం మళ్ళీ తీయించారు. ఆఫీసులో కూర్చుని కాగితం ఎంత చూసినా అది నాకు తెలిసేది కాదు. నీకు బయటికి వెళ్ళే పని, స్టాకు చూడడం లాంటిది ఒక్కసారి కూడా ఇవ్వలేదంటే అది నిజంగా లోటే. వచ్చే ఏడాది ఎక్కడ చేరినా ముందే అడుగు, స్టాకు లెక్కకు నన్నూ తీసుకెళ్తారా అని.

ఆఫీసులో ఎవరూ మాట్లాడేవారు కాదు, కసురుకునేవారు అని రాశావు. నువ్వు ఉన్న రోజులు చూడు. జనవరి నుంచి మార్చి వరకు టీడీఎస్ (ముందే కోసిన పన్ను) రిటర్ను మే 31 లోపు వెయ్యాలి. జీతాల వాళ్ళకు ఫారం 16, అంటే కోసిన పన్ను సర్టిఫికెట్, జూన్ 15 లోపు ఇవ్వాలి. ప్రతి నెలా 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకొకటి. సరిగ్గా ఈ తారీఖుల మధ్యలో నువ్వు వెళ్ళి నుంచుని, అన్నా ఇది ఎందుకు అంటే, పాపం అతనికి టెన్షన్‌లో నోటికి ఏదొస్తే అదే వస్తుంది. కసరడం ఒప్పు అనను. కానీ 12నో, 21నో, టీ తాగే వేళ అడిగి చూడు, అదే మనిషి అరగంట చెప్తాడు. ప్రశ్నలు ఎప్పటికప్పుడు అడక్కుండా ఒక చిన్న నోట్‌బుక్కులో రాసుకుని, రోజుకు రెండే అడుగు. నేను అలా రాసుకున్న నోట్‌బుక్కులు మూడు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి.

జిరాక్సుల గురించి కూడా. ఫైలు జిరాక్సుకు ఇస్తే అది చదవడానికి నీకు దొరికిన అవకాశం. భాగస్వామ్య పత్రం, బ్యాంకు లోను మంజూరు లేఖ, పన్ను శాఖ నోటీసు, దానికి మా సార్ రాసిన జవాబు, ఇవన్నీ నేను జిరాక్సు మిషను పక్కన నిలబడి చదివినవే. నోటీసుకు జవాబు ఎలా రాయాలో నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. అయితే ఒక ఆఫీసు ఆరు వారాలూ నీతో జిరాక్సులు, టీలు, బ్యాంకుకు చెక్కులు మాత్రమే చేయిస్తే దాన్ని సమర్థించను, అది నిన్ను ఉచిత నౌకరుగా వాడుకోవడమే. నీ సంగతి అంత దూరం లేదు, ఎంట్రీలిచ్చారు, టూబీ ఇచ్చారు. నేర్పలేదు, అంతే.

లెక్క కలవనప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదన్నావు కాబట్టి అది చెప్తాను, రేపే పనికొస్తుంది. తేడా ఎంతో చూడు. దాన్ని తొమ్మిదితో భాగించు. నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు, 540 బదులు 450 కొట్టావు, తేడా 90. లేదా ఒక సున్నా ఎక్కువో తక్కువో పడింది. తొమ్మిదితో పోకపోతే రెండుతో భాగించి ఆ సగం మొత్తం ఎక్కడైనా ఉందేమో వెతుకు, జమ కావాల్సింది ఖర్చులోనో, ఖర్చు కావాల్సింది జమలోనో పడి ఉంటుంది. టాలీలో రెండు వైపులూ సమానం కాకపోతే ఎంట్రీ తీసుకోదు కాబట్టి ట్రయల్ (అన్ని పద్దుల నిల్వల పట్టీ) ఎప్పుడూ కలిసే కనపడుతుంది, అది చూసి మోసపోవద్దు. అసలు పరీక్ష బ్యాంకు స్టేట్‌మెంటుతోనూ, పార్టీ పంపిన లెడ్జరుతోనూ పోల్చినప్పుడు. ఈ చిట్కాలు అక్కడ పనిచేస్తాయి. ఇంకా కలవకపోతే లేచి వెళ్ళి ముఖం కడుక్కుని రా, ఒడియా బిల్లులైతే నాలుగులు మళ్ళీ చూడు. తేడాను సస్పెన్స్‌లో, అంటే కారణం తెలియని మొత్తాల పద్దులో, పడేసి ఇంటికి మాత్రం వెళ్ళకు, పొద్దున్నకి అది నీకు గుర్తుండదు, ఆడిట్ రోజుకు ఎవరికీ గుర్తుండదు.

పాన్ నంబర్లు కొట్టడం కూడా విసుగు పని అన్నావు. పాన్‌లో నాలుగో అక్షరం మనిషైతే పి, కంపెనీ అయితే సి, భాగస్వామ్య సంస్థ అయితే ఎఫ్. మనిషి పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. మన తెలుగువాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియావాళ్ళు చివర రాస్తారు, బరంపురం జీతాల పట్టీలో రెండు రకాలూ కలిసి ఉంటాయి. ఐదో అక్షరం పేరుతో పొసగకపోతే ఒకసారి ఆగి చూడు. ఒక్క అక్షరం తప్పు పడిందంటే ఎవరో ఒక టీచరు జీతంలో కోసిన పన్ను ఆమె 26ఏఎస్‌లో, అంటే ఆమె పేరున జమైన పన్ను చూపే పట్టీలో, కనపడదు, ఆమె జులైలో రిటర్ను వేసుకోబోతే శాఖ మళ్ళీ కట్టమంటుంది. నీ వేలు జారితే ఆమె నెలల తరబడి తిరగాలి.

ఇప్పుడు ఆ వోచర్లు.

నువ్వు చూసింది 2024-25 లెక్కలు, కాబట్టి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. అందులో 40ఏ(3) అనే సెక్షన్ ఉంది. వ్యాపార ఖర్చు కింద ఒక మనిషికి ఒక రోజులో నగదుగా పది వేలకు మించి ఇస్తే ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. లారీ కిరాయిలాంటి రవాణా వాళ్ళకైతే ఆ హద్దు 35 వేలు. ఇక్కడ గమనించు, హద్దు వోచరుకు కాదు, మనిషికి, రోజుకు. అదే మనిషికి అదే రోజున తొమ్మిది వేల ఐదు వందల చొప్పున నాలుగు వోచర్లు రాసినా మొత్తం 38 వేలే, నిషేధం అలాగే తగులుతుంది. కాబట్టి విడగొట్టి రాసినా, తేదీలు మార్చకపోతే లాభం లేదు. తేదీలు మారిస్తే అది దొంగ లెక్క.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది కాదు. ఆ వ్యాపారి చింతపండు, జీడిపిక్కలు కొండ సంతల్లో కొంటాడన్నావు. పండించినవాళ్ళ దగ్గరే కొంటే, వ్యవసాయ లేదా అటవీ ఉత్పత్తికి పండించినవాడికో ఉత్పత్తి చేసినవాడికో ఇచ్చిన నగదుకు ఆ హద్దు వర్తించదు. ఆదాయపు పన్ను నియమాల్లో 6డీడీ అని ఉంది, అందులోనే ఈ మినహాయింపు. సంతలో గంప దించిన సవర ఆవిడకు చెక్కు ఇస్తామా, బ్యాంకు ఎక్కడుందని, చట్టం రాసినవాళ్ళకూ అది తెలుసు. అంటే ఆ చెల్లింపులు నిజంగా పండించినవాళ్ళకే వెళ్ళి ఉంటే, ఒక్కో వోచరు పన్నెండు వేలున్నా, ఇరవై వేలున్నా ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోయేది. అవసరమే లేని అబద్ధం నీ చేత రాయించారు. మధ్యలో దళారీ దగ్గర కొని ఉంటే మాత్రం మినహాయింపు లేదు, అప్పుడు ఆ ఖర్చు ఒప్పుకోరని వ్యాపారికి ముఖం మీదే చెప్పాలి, వచ్చే ఏడాది నుంచి బ్యాంకులో వెయ్యమని చెప్పాలి. ఆడిటర్ పని అదే.

పైగా జీడిపిక్కలకు జీఎస్టీలో ఇంకో సంగతి ఉంది. తొక్క తీయని జీడిపిక్కలను వ్యవసాయదారు దగ్గర నమోదైన వ్యాపారి కొంటే పన్ను రివర్స్ ఛార్జ్ కింద కొన్నవాడే కట్టాలి. తన పేరున తానే బిల్లు రాసుకోవాలి, పన్ను నగదుగా కట్టాలి, ఆ తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు. వోచర్లు ముక్కలు చేసి ఊహ పేర్లు రాస్తే ఈ లెక్క కూడా పాడవుతుంది. ఒక చోట సర్దబోయి రెండు చోట్ల చిక్కుకుంటారు.

ఇది నేను ఎత్తుమీద కూర్చుని చెప్పడం లేదు. ఆర్టికల్స్ రెండో ఏడు ఒక కాంట్రాక్టరు గుమస్తా నాకు కూలీల మస్టర్ రోలు (హాజరు పట్టీ) ఇచ్చి, కొన్ని ఖాళీలున్నాయి పూర్తి చేసెయ్యమ్మా అన్నాడు. పేర్లు రాశాను. పద్దెనిమిది పేర్లు, మా వీధిలో వాళ్ళవి, చిన్నప్పటి స్నేహితులవి, గుర్తొచ్చినవి రాసేశాను. వేలిముద్రలు అతనే వేయించుకుంటానన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే మా సార్ గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఆ కాగితాలు తెప్పించి, నా ఎదుటే అడ్డంగా గీత కొట్టి, ఆ కూలి ఖర్చు మొత్తం తీసేసి లెక్క వెయ్యమన్నారు. కాంట్రాక్టరు కోప్పడి ఆ ఏడాదే ఆడిట్ మార్చుకున్నాడు. ఫీజు పోయింది. మా సార్ ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఈ వృత్తిలో ఉండిపోవడానికి కారణం అడిగితే ఆ పొద్దుటి పూటే చెప్తాను.

అందుకని నువ్వు ఈ వారమే ఆ ఆఫీసుకు వెళ్ళు. సీనియర్‌తో కాదు, ఆడిటర్ గారితోనే మాట్లాడు. ఆయనకు ఈ వోచర్ల సంగతి తెలియకపోవచ్చు, చాలా ఆఫీసుల్లో క్లయింటు గుమస్తా, మన సీనియరు కలిసి చేసేసేవే ఇవి. సార్, ఫలానా ఫైల్లో నేను రాసిన వోచర్లు అసలు చెల్లింపుల ప్రకారం లేవు, నాకు భయంగా ఉంది, 6డీడీ వర్తిస్తుందేమో చూస్తారా అని అడుగు. తప్పు పట్టినట్టు కాదు, అడిగినట్టే అడుగు. ఆడిట్ రిపోర్టు ఇంకా వెళ్ళి ఉండదు, సరి చేసుకోవడానికి సమయం ఉంది. ఆయన విని సరి చేస్తే, అదే ఆఫీసులో ముందుముందు ఆర్టికల్స్ చెయ్యడానికి సందేహించకు. నవ్వి పంపించేస్తే, ఆ గుమ్మం మళ్ళీ తొక్కకు, ఎంత దగ్గరైనా, ఎంత స్టైపెండ్ ఇచ్చినా.

ఇంకొకటి, క్లయింట్ల పాస్‌వర్డులు, లెడ్జర్ ఫోటోలు నీ ఫోన్లో ఉన్నాయని రాశావు, సులువుగా ఉంటుందని వాట్సాప్‌లో పంపుకున్నామని. ఈ రోజే తీసెయ్. క్లయింటు సంగతి బయట పెట్టడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం వృత్తి దుష్ప్రవర్తన, అది ఆడిటర్ మెడకు చుట్టుకుంటుంది. నువ్వు సభ్యుడివి కాకపోయినా ఆయన నమ్మి నీకిచ్చినదే కదా.

సీఏ చదవాలా వద్దా అన్నదానికి. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు ఇంటర్మీడియట్‌కు నమోదు చేసుకోవచ్చు. 2023 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్స్, అది ఇప్పుడు రెండేళ్ళే, అయ్యాక ఆరు నెలలు ఆగి ఫైనల్. ఇంటర్ ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు. కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాల్సిన పనిలేదు, మూడో ఏడాది మార్కులు చూసుకుని నిర్ణయించుకో. పర్లాకిమిడి వాడిని, ఇంగ్లిష్ సరిగా రాదు అన్న బెంగ మాత్రం పక్కన పెట్టు. నీకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చు. రాయగడలో నా దగ్గరికి వచ్చే క్లయింటు పార్వతీపురం పార్టీతో తెలుగులో బేరమాడి, ఒడియాలో రసీదు తీసుకుని, హిందీలో లారీవాడితో గొడవపడతాడు. ఆ మూడు కాగితాలూ చదవగలిగే మనిషి కోసం నేను ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాను. ఇంగ్లిష్ రెండేళ్ళలో వస్తుంది, నాకూ అలాగే వచ్చింది.

కాలేజీకి ఇచ్చే రిపోర్టులో క్లయింట్ల పేర్లు, మొత్తాలు రాయకు, ఒక కిరాణా వ్యాపారి, ఒక స్కూలు అని రాస్తే చాలు. ఇంటర్నెట్ నుంచి జీఎస్టీ చరిత్ర పది పేజీలు దింపకు, నీ టూబీ షీటులో కలవని బిల్లులు ఎన్ని రకాలున్నాయో, ఒక్కో రకానికి కారణం ఏమిటో రాయి, మూడు పేజీలైనా అది నీదే అవుతుంది. సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడొద్దు, ఆరు వారాలు పనిచేశావు, తారీఖులు, చేసిన పనులు రాసి ఇమ్మను.

ఒక్క విషయం నీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. ఆ వోచర్ల మీద మొత్తాలు, పేర్లు మాత్రమే రాశావా, లేక డబ్బు తీసుకున్నవాళ్ళ సంతకం దగ్గర కూడా నువ్వే ఏమైనా పెట్టావా? ముందు అది చెప్పు. సంతకాలు కూడా పెట్టి ఉంటే ఆడిటర్ గారి దగ్గరికి ఒంటరిగా వెళ్ళకు, ఇంట్లో నాన్నగారికో అమ్మకో చెప్పి, వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళు.